చెరువు చచ్చిన చోట బాధితుడెవరు?

చెరువులో చేపలు తేలిన ఉదయం ఊళ్లో ఏం జరుగుతుందో జడ్చర్ల, చౌటుప్పల్, చిట్యాల ప్రాంతాల వారికి వర్ణించి చెప్పనక్కరలేదు. మత్స్యకార సంఘం పెద్దలు కట్ట మీదికి చేరుకుంటారు. ఎవరో ఒక యువకుడు ఖాళీ మంచినీళ్ల సీసాలో ఆ నీళ్లు పట్టి మూత బిగిస్తాడు. తహసీల్దారుకూ కాలుష్య నియంత్రణ మండలికీ ఫోన్లు వెళతాయి. అధికారులు వచ్చేసరికి పొద్దు వాలుతుంది, లేదా మరునాడవుతుంది. ఈలోపు ఒక వాన పడిందంటే వాగులో ఆనవాలు కొట్టుకుపోతుంది. చివరికి ఆ యువకుడి చేతిలోని సీసా ఒక్కటే మిగులుతుంది. పరిశ్రమను శిక్షించడానికి ఆ సీసా పనికిరాదు.

ఎందుకు పనికిరాదో తెలియాలంటే 1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టంలోని 21వ సెక్షన్ చదవాలి. పరిశ్రమ నుంచి వెలువడే వ్యర్థజలం నమూనా సాక్ష్యంగా చెల్లాలంటే దానిని మండలి అధికారి సేకరించాలి. సేకరిస్తున్నట్టు పరిశ్రమ నిర్వాహకుడికి అక్కడికక్కడే నోటీసు ఇవ్వాలి. అతని సమక్షంలో నమూనాను రెండు భాగాలు చేసి, సీలు వేసి, ఇద్దరూ సంతకాలు చేయాలి. ఆరోపణ ఎదుర్కొంటున్న వారికి రక్షణ ఉండాలన్నది న్యాయసూత్రమే. దానితో పేచీ లేదు. కాని ఆ ప్రక్రియ మొత్తంలో విషం బారిన పడిన మనిషికి చోటు లేదు. పరిశ్రమ ఉంటుంది, అధికారి ఉంటాడు, ప్రయోగశాల ఉంటుంది. చేపలు పోయిన ముదిరాజు, గొర్రెలు పోయిన కురుమ, ఆ నీటిలో దిగి బట్టలుతికిన రజక స్త్రీ ఆ పంచనామాలో సాక్షులుగా కూడా కనిపించరు.

పారిశ్రామిక వ్యర్థాల మీద ప్రభుత్వ పర్యవేక్షణ గురించి మన పత్రికల్లో జరిగే చర్చ సాధారణంగా రెండు మాటల దగ్గర ఆగిపోతుంది. చట్టాలు బలహీనమని కొందరు, అధికారులు అవినీతిపరులని కొందరు అంటారు. రెండింటిలోనూ కొంత నిజముంది. అయితే నల్లగొండ, పాలమూరు పల్లెల అనుభవం మూడో విషయాన్ని చెబుతోంది. కాలుష్యానికి బాధ్యత తేల్చే ప్రతి దశలోనూ ప్రభుత్వం అడిగేది ఒక పత్రం. పట్టాదారు పాసు పుస్తకమో, సర్వే నంబరో, ప్రయోగశాల నివేదికో కావాలి. ఎవరి చేతిలో పత్రం ఉందో వారికే నష్టం జరిగినట్టు లెక్క. మన గ్రామాల్లో ఎవరి చేతిలో పత్రం ఉంటుందో, ఎవరి చేతిలో ఉండదో చాలావరకు కులమే నిర్ణయించింది. కాబట్టి కాలుష్యపు బాధ్యత అనే ప్రశ్న పర్యావరణ శాఖకు ఎంత సంబంధించినదో, కుల ప్రశ్నకూ అంతే సంబంధించినది.

కాలుష్యం గురించి మన సమాజానికి తెలియదని ఎవరూ అనలేరు. మైల, అంటు, ముట్టు అనే మాటల చుట్టూ ఇంత సూక్ష్మమైన నియమావళిని అల్లుకున్న సమాజాలు ప్రపంచంలో అరుదు. ఎవరు తాకితే ఏ నీరు మైలపడుతుందో, ఆ తప్పుకు దండుగ ఎవరు కట్టాలో, శుద్ధి ఎవరి ఖర్చుతో జరగాలో మన ఊళ్లకు కంఠతా వచ్చు. మాదిగల లంద ఊరికి దూరంగా, దిగువన ఉండాలన్నది ఆ నియమమే. 1927 మార్చిలో మహద్‌లో అంబేద్కర్ నాయకత్వాన అస్పృశ్యులు చౌదార్ చెరువు నీళ్లు తాగితే, సవర్ణులు ఆ చెరువుకు శుద్ధి కర్మ జరిపించారు. ఎన్నడూ లేని విషాన్ని నీటిలో చూడగలిగిన ఆ కన్ను, ఇవాళ నిజంగా ఉన్న విషాన్ని చూసి ‘నిరూపించండి’ అంటోంది. తోలు నానబెట్టిన వాడి మీద అంటు మోపడానికి ఏ ప్రయోగశాలా అవసరం కాలేదు. ద్రావకాలు, లవణాలు వాగులోకి వదిలిన వారి మీద బాధ్యత మోపడానికి మాత్రం దశాబ్దాలు చాలడం లేదు.

పుస్తకాల్లో చట్టం బలంగానే ఉంది. ఢిల్లీ ఓలియం వాయువు లీకు కేసులో సుప్రీంకోర్టు, ప్రమాదకర పరిశ్రమ నడిపేవారు తమ నిర్లక్ష్యం లేదని వాదించినా నష్టపరిహారం చెల్లించి తీరాలనే సంపూర్ణ బాధ్యతా సూత్రాన్ని ప్రకటించింది. రాజస్థాన్‌లోని బిచ్చడి గ్రామం భూగర్భజలం ఒక రసాయనపు వ్యర్థాలతో ఎర్రబారిన కేసులో 1996లో ‘కాలుష్యకారుడే చెల్లించాలి’ అన్న నియమాన్ని భారతీయ చట్టంలో భాగం చేసింది. ఆ తీర్పు వెంట నిర్ణయమైన సుమారు 37 కోట్ల రూపాయలను పరిశ్రమ చెల్లించకుండా పిటిషన్ల మీద పిటిషన్లు వేస్తూ పోతే, చక్రవడ్డీతో కట్టమని అదే కోర్టు 2011లో చెప్పవలసి వచ్చింది. ఈ కథలో సూత్రం గెలిచింది. గ్రామం బావులు ఆ పదిహేనేళ్లూ ఎలా ఉన్నాయన్నది వేరే కథ.

మన నేల మీది కేసు మరింత ఆలోచింపజేస్తుంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలను కాపాడటానికి 1996లో 111వ జీవో వచ్చింది. వాటి చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో కాలుష్య పరిశ్రమలను నిషేధించింది. ఆ నిషేధం నుంచి ఒక నూనె పరిశ్రమకు ప్రభుత్వమే మినహాయింపు ఇస్తే, వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. ప్రొఫెసర్ ఎం.వి. నాయుడు కేసుగా ప్రసిద్ధమైన ఆ వివాదంలో కోర్టు 1999లో ముందుజాగ్రత్త సూత్రాన్ని వివరించింది. తన వల్ల హాని లేదని నిరూపించుకోవలసిన భారం పరిశ్రమ మీదే ఉంటుందని చెప్పింది. 2000లో ఆ మినహాయింపును కొట్టివేసింది. గొప్ప తీర్పు. నగరం తాగే నీటికి ఎగువన పది కిలోమీటర్ల కంచె నిలబడింది. అదే మూసీ నగరం దాటాక నల్లగొండ వైపు వెళుతుంది. దిగువన ఏ కంచె ఉంది?

కంచె లేకపోగా గొట్టం వచ్చింది. పటాన్‌చెరు పారిశ్రామికవాడ వ్యర్థాలతో చుట్టుపక్కల చెరువులు, నక్కవాగు పాడైపోయిన వ్యవహారం 1990లో సుప్రీంకోర్టుకు చేరింది. అక్కడి నుంచి హైకోర్టుకు, ఆ తర్వాత జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు బదిలీ అయింది. ట్రిబ్యునల్ తీర్పు వెలువడింది 2017లో. ఈ మధ్యలో దొరికిన ‘పరిష్కారం’ 18 కిలోమీటర్ల పైపులైను. పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని అంబర్‌పేట మురుగునీటి శుద్ధి కేంద్రానికి మళ్లించి, నగర మురుగుతో కలిపి మూసీలోకి వదిలే ఏర్పాటు అది. ఆ ఉమ్మడి కేంద్రం నీటిని పరీక్షించిన స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో ప్రచురించిన అధ్యయనంలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటిబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు కనిపించింది. కొన్ని సూక్ష్మజీవులను చంపే మోతాదుకు అది వెయ్యి రెట్లకు పైమాట. మెదక్ రైతు ఫిర్యాదుకు ఇచ్చిన జవాబు, విషాన్ని నల్లగొండ రైతు వైపు నడిపించడం. నీటి శుద్ధి గురించి మాట్లాడే ఇంజనీర్లు దీన్ని పలుచన చేయడం అంటారు. కులం గురించి చదివిన వారికి ఇది పాత పద్ధతే: మైలను దిగువకు నెట్టడం.

అనంతగిరి కొండల్లో పుట్టి వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే మూసీ ఒకప్పుడు కత్వల నది. అసిఫ్ నహర్, బునాదిగాని కాల్వ, పిల్లాయిపల్లి కాల్వ, ధర్మారెడ్డి కాల్వ వంటివి భువనగిరి, నల్లగొండ ప్రాంతాల పొలాలకు ఆ నీరే తీసుకుపోతాయి. ఈ నీటిని వదులుకునే వెసులుబాటు ఆ జిల్లాకు ఏనాడూ లేదు. భూమి లోపల ఫ్లోరైడ్, భూమి పైన మూసీ. మర్రిగూడ ప్రాంతపు ప్రజల వంగిన ఎముకల ఫోటోలు దేశమంతా చూసింది. ప్రకృతి పెట్టిన విషానికి కృష్ణా జలాలు కావాలని దశాబ్దాలు పోరాడిన జిల్లాకు, మనుషులు పెట్టిన విషం మీద పోరాడటం రెండో బాధ్యతగా వచ్చిపడింది. 2024 నవంబరు 8న ముఖ్యమంత్రి వలిగొండ మండలం సంగెం దగ్గర మూసీ వెంట నడిచి ఈ బాధను ప్రస్తావించారు. సంతోషమే. కాని మూసీ నదీతీర అభివృద్ధి ప్రణాళిక చెప్పే 55 కిలోమీటర్లు ప్రధానంగా నగరపు మూసీ. సంగెం ఆ కొలతకు బయట ఉంది.

పరిశ్రమ ప్రాంగణంలో నిల్వ ఉండే వ్యర్థాల మీద నిఘా ఎలా ఉంటుందో కూడా చూడాలి, ఎందుకంటే చెరువులో చేప చచ్చే కథ అక్కడ మొదలవుతుంది. 2016 ప్రమాదకర వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం ఇలాంటి వ్యర్థాలను పరిశ్రమ సాధారణంగా 90 రోజులకు మించి తన దగ్గర ఉంచుకోరాదు. బయటికి పంపేటప్పుడు ఏడు రంగుల ప్రతులున్న రవాణా పత్రం ఉండాలి. ఎవరు పంపారు, ఎవరు మోసుకెళ్లారు, ఎవరు అందుకున్నారు అన్నది మండలికి తెలియాలి. పర్యావరణానికి గానీ, ఇతరులకు గానీ జరిగిన నష్టానికి వ్యర్థం ఉత్పత్తి చేసినవారు, రవాణాదారు, శుద్ధి కేంద్రం నడిపేవారు బాధ్యులని 23వ నియమం స్పష్టంగా చెబుతుంది. కాగితం మీద రంధ్రం లేదు.

రంధ్రం లెక్కలో ఉంది. ఇవాళ ప్రతి బల్క్ డ్రగ్ పరిశ్రమ గేటు మీదా ‘జీరో లిక్విడ్ డిశ్చార్జ్’ అన్న మాట కనిపిస్తుంది. చుక్క నీరు బయటికి రాదని దాని అర్థం. నీరు ఆవిరైతే లవణం, మడ్డి మిగులుతాయి, మాయమైపోవు. ఆవిరి చేయడానికి బొగ్గో కరెంటో ఖర్చు. మిగిలిన దానిని హైదరాబాదుకు ఉత్తరాన దుండిగల్‌లో ఉన్న ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి చేర్చడానికి టన్నుల లెక్కన రుసుము, దానికి తోడు రవాణా. ఈ ఖర్చు ఎంత పెరిగితే, రాత్రిపూట ఒక ట్యాంకరు డ్రైవరుకు ఇచ్చే డబ్బు అంత చవకగా కనిపిస్తుంది. వాన పడే రాత్రి అయితే మరీ మంచిది. ఆ ట్యాంకరు ఆగే చోటు కూడా యాదృచ్ఛికం కాదు. పెద్ద రైతు పొలం గట్టున ఆగదు, అడిగేవాడుంటాడు. శిఖం భూమిలో, బంచరాయిలో, తండాకు వెళ్లే వాగు దగ్గర, దళితవాడ వెనక పాత క్వారీ గుంతలో ఆగుతుంది. ఎవరిదీ కాదని రెవెన్యూ రికార్డు చెప్పే భూమి అది. నిజానికి ఆ భూమి మీద బతికేవారు చాలామంది.

పట్టుబడితే ఏమవుతుంది? ఇక్కడ ఒక గణిత సూత్రం గురించి చెప్పాలి. పర్యావరణ పరిహారం లెక్కించడానికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2019లో రూపొందించిన సూత్రంలో ఐదు అంశాలను గుణిస్తారు: పరిశ్రమ కాలుష్య సూచిక, ఉల్లంఘన జరిగిన రోజులు, ఒక రూపాయల గుణకం, పరిశ్రమ పరిమాణం, స్థాన గుణకం. ఎరుపు కేటగిరీ పరిశ్రమకు సూచిక 80. పెద్ద పరిశ్రమకు పరిమాణ గుణకం 1.5. రూపాయల గుణకం 250గా తీసుకుంటే రోజుకు 30,000 రూపాయలు. స్థాన గుణకం దగ్గరికి వచ్చేసరికి తరగతి గదిలో విద్యార్థులు ఒక్కసారి తలెత్తి చూస్తారు. అది జనాభాను బట్టి మారుతుంది. కోటి జనాభా దాటిన నగరమైతే 2. పది లక్షల లోపు జనాభా ఉన్న చోటైతే 1. అంటే ఒకే పరిశ్రమ, ఒకే తప్పు, ఒకే నెల రోజులు: మహానగరం దగ్గర 18 లక్షలు, మరికల్‌లోనో చిట్యాలలోనో 9 లక్షలు. ఎక్కువ మంది ఉన్న చోట ఎక్కువ హాని అన్నది దీని వెనక తర్కం. కాని నగరవాసి ఆ నీటిని వాసనగా ఎరుగుతాడు. పల్లెలో చేపల సొసైటీ, గొర్రెల మంద, కల్లు తాళ్లు, వరి మడి ఆ నీటి మీదే నిలబడి ఉంటాయి. ఎందరున్నారన్నది ఈ సూత్రం అడుగుతుంది. ఎంతగా ఆధారపడ్డారన్నది అడగదు. పైగా ఇలా వసూలైన సొమ్ము మండలి ఖాతాకు చేరుతుంది. చేప పోయిన వాడి ఖాతాకు చేరదు.

బాధితుడికి నేరుగా పరిహారం ఇవ్వగలిగేది 2010 చట్టంతో ఏర్పడిన జాతీయ హరిత ట్రిబ్యునల్. ఆ చట్టం రెండో షెడ్యూలు చదివితే ఆశ్చర్యం కలుగుతుంది. భూమి ఒక్కటే కాదు. ఉపాధి కోల్పోవడం, వైద్య ఖర్చులు, పాడి పశువులకు, జలచరాలకు కలిగిన హాని కూడా అందులో ఉన్నాయి. అంటే చట్టంలో ముదిరాజుకూ కురుమకూ రజకుడికీ చోటుంది. ఆచరణలో లేదు. పటాన్‌చెరు వ్యవహారంలో కోర్టుల ఆదేశాలతో పంచిన పరిహారం కూడా ఎకరాల లెక్కనే సాగింది. ఎకరం ఉన్నవాడు రైతు, రైతు అయితేనే బాధితుడు. కౌలుదారు రైతు కాదు, కూలీ రైతు కాదు, వల వేసేవాడు అసలే కాదు. ట్రిబ్యునల్ దక్షిణ ధర్మాసనం చెన్నైలో ఉంది. పరిహారం కోరే గడువు కారణం తలెత్తిన నాటి నుంచి ఐదేళ్లు. మన నేల గ్రానైటు నేల. నీరు రాతి పగుళ్ల వెంట నడుస్తుంది, విషం కూడా. ఒక బోరు పాడైతే పక్క పొలం బోరు బాగానే ఉండవచ్చు. ఆ బాగున్న బోరు నమూనా చూపించి ఫిర్యాదును మూసేయడం తేలిక. పగుళ్లలో నెమ్మదిగా పాకే విషానికి ఐదేళ్ల గడువు తెలియదు.

పత్రం ప్రశ్న భూమి దగ్గర మరింత నగ్నంగా కనిపిస్తుంది. జడ్చర్ల మండలం పోలేపల్లిలో రెండు దశాబ్దాల క్రితం సేకరించిన భూముల్లో దళితుల, లంబాడాల, వెనుకబడిన కులాల చిన్న కమతాలు, అసైన్డ్ భూములు అనేకం. పారిశ్రామిక పార్కు అని మొదలై ఔషధాల ప్రత్యేక ఆర్థిక మండలిగా మారింది. 2008 ఉప ఎన్నికలో ఆ బాధితులే అభ్యర్థులుగా నిలబడి తమ గోడును బ్యాలెట్ మీదికి తెచ్చిన తీరు ఈ రాష్ట్ర ఉద్యమ చరిత్రలో విలక్షణమైనది. అసైన్డ్ భూమి ప్రభుత్వానిదే గనుక తిరిగి తీసుకోవచ్చునన్నది పాలకుల పాత వాదన. పట్టా రైతుతో సమానంగా పరిహారం ఇవ్వాలని చేవెళ్ల కేసులో ఉమ్మడి హైకోర్టు విస్తృత ధర్మాసనం 2004లోనే చెప్పింది. చెప్పిన తర్వాత కూడా అసైన్డ్ రైతు ప్రతి సేకరణలోనూ ఆ సమానత్వాన్ని మళ్లీ మొదటి నుంచీ అడగవలసి వస్తోంది.

భూమి పోయిన కుటుంబమే ఆ తర్వాత గోడ పక్కన మిగిలిన ఊళ్లో ఆ గోడ అవతలి నీళ్లతో బతుకుతుంది. మొదటిసారి నిర్వాసితులు, రెండోసారి కాలుష్య బాధితులు. రెండోసారి వారికి సర్వే నంబరు కూడా ఉండదు, ఎందుకంటే దానిని మొదటిసారే తీసుకున్నారు.

పేరు కలిసిన మరో పోలేపల్లి ఉంది. ఒకప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని కొడంగల్ ప్రాంతంలో, ఇప్పటి వికారాబాద్ జిల్లా దుద్యాల మండలంలో, ఎల్లమ్మ జాతరకు పేరున్న ఊరు. లగచర్ల, రోటిబండ తండా, పులిచెర్లకుంట తండాలతో పాటు ఆ ఊరి భూములనూ ఫార్మా విలేజ్ కోసం ఎంచారు. 2024 నవంబరులో అక్కడ జరిగిన ఘర్షణ, అరెస్టులు, లంబాడా స్త్రీలు ఢిల్లీ దాకా వెళ్లి చెప్పుకున్న గోడు అందరికీ తెలిసినవే. ఫార్మా కోసం ఇచ్చిన ప్రకటనను ప్రభుత్వం ఆ నెలాఖరులోనే ఉపసంహరించుకుంది. తండా ప్రజలు అప్పుడు పదే పదే చెప్పింది భూమి ధర గురించి కాదు. జడ్చర్ల పోలేపల్లిని చూశాం, మాకు వద్దు అన్నారు. ఒక పోలేపల్లి అనుభవం మరో పోలేపల్లికి సాక్ష్యమైంది. మండలి రికార్డుల్లో లేని సాక్ష్యం అది.

అడగడానికి వేదిక కూడా కుదించుకుపోతోంది. ఇంధన మిశ్రమం కోసమే ఇథనాల్ తయారుచేసే పరిశ్రమలను కొన్ని షరతులతో ప్రజాభిప్రాయ సేకరణ అవసరం లేని కేటగిరీలోకి కేంద్రం 2021 జూన్‌లో చేర్చింది. నారాయణపేట జిల్లా మరికల్ మండలం చిత్తనూరు, ఎక్లాస్‌పూర్, జిన్నారం గ్రామాలు తమ పక్కన వచ్చిన ఇథనాల్ పరిశ్రమ మీద నెలల తరబడి ఆందోళన చేశాయి. 2023 అక్టోబరులో వ్యర్థాల ట్యాంకరును గ్రామస్థులు అడ్డుకున్న ఉదంతం పోలీసులతో ఘర్షణగా, కేసులుగా ముగిసింది. గద్వాల జిల్లా రాజోలి మండలం పెద్ద ధన్వాడలో ఇథనాల్ పరిశ్రమను వ్యతిరేకించిన రైతులను 2025 జూన్‌లో సంకెళ్లతో కోర్టుకు తెచ్చిన దృశ్యం పత్రికలన్నీ చూపాయి.

ఆ సంకెళ్ల పక్కన మరో మార్పును ఉంచి చూడాలి. 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం ప్రకారం ఉల్లంఘనకు ఐదేళ్ల వరకు జైలు ఉండేది. 2023 జన విశ్వాస్ చట్టం ఆ జైలును చాలావరకు తొలగించి, 10,000 నుంచి 15 లక్షల రూపాయల వరకు జరిమానాగా మార్చింది. 2024 సవరణ నీటి చట్టంలోనూ అదే పని చేసింది. వ్యాపారం మీద నమ్మకం పెంచడం దీని ఉద్దేశమట. పరిశ్రమ యజమానిని జైలు భయం నుంచి విడిపించిన కాలంలోనే, ఆ పరిశ్రమ వద్దన్న రైతుకు సంకెళ్లు పడ్డాయి. విశ్వాసం ఎవరి మీద, అనుమానం ఎవరి మీద అన్నది ఇంతకంటే స్పష్టంగా ఏ సిద్ధాంత గ్రంథమూ చెప్పలేదు.

ఇక్కడ ఒక అభ్యంతరాన్ని నిజాయితీగా ఎదుర్కోవాలి. మూసీ నీరు రెడ్డి రైతు వరినీ పాడుచేస్తుంది కదా, కాలుష్యానికి కులం ఎక్కడిది అని చాలామంది అడుగుతారు. నీటికి కులం లేదు. నీటి నుంచి తప్పుకునే దారికి ఉంది. భూమి ఉన్నవాడు మరో చోట బోరు వేయగలడు, భూమి అమ్మి హైదరాబాదులో ఇల్లు కట్టుకోగలడు, ఎమ్మెల్యేకు ఫోను చేయగలడు. చేపల సొసైటీ చెరువును మరో చోటికి మోసుకుపోలేదు. కల్లు గీసే గౌడ తాటిచెట్టును మోసుకుపోలేడు. రెండో అభ్యంతరం ఉద్యోగాల గురించి. పరిశ్రమలు బహుజన పిల్లలకు ఉపాధి ఇస్తున్నాయన్నది అబద్ధం కాదు. కాని ఆ గేట్ల లోపల డ్రమ్ములు కడిగే, మడ్డి ఎత్తే, ట్యాంకరు నింపే కాంట్రాక్టు పనుల్లో ఎవరున్నారో ఒకసారి చూసి రావాలి. మైలపనిని పంచే పాత పద్ధతి అక్కడ కార్మిక కాంట్రాక్టరు రిజిస్టరులో కొనసాగుతోంది.

అమెరికాలో ఇదే ప్రశ్న 1982లో ఉత్తర కరోలినా రాష్ట్రం వారెన్ కౌంటీలో లేచింది. విషపూరిత మట్టిని పూడ్చడానికి నల్లజాతి ప్రజలు అధికంగా ఉన్న ప్రాంతాన్ని ఎంచుకుంటే, వారు లారీలకు అడ్డంగా రోడ్డు మీద పడుకున్నారు. ఐదేళ్ల తర్వాత ఒక చర్చి సంస్థ దేశమంతటి వ్యర్థాల కేంద్రాల స్థానాలను జనాభా లెక్కల పక్కన పెట్టి చూసింది. అలాంటి కేంద్రం ఎక్కడ ఉందో ఊహించడానికి ఆదాయం కంటే జాతే బలమైన ఆధారమని తేలింది. పర్యావరణ జాత్యహంకారం అన్న మాట అలా నిలబడింది. గమనించవలసింది ఆ మాటను కాదు, ఆ పద్ధతిని. రెండు పటాలను ఒకదాని మీద ఒకటి పరిచారు, అంతే.

ఆ పని చేయడానికి తెలంగాణకు ఇవాళ ఏ అడ్డంకీ లేదు. 2024 నవంబరులో మొదలైన ఇంటింటి కుల సర్వే ఫలితాల్లో ముస్లిం బీసీలతో కలిపి వెనుకబడిన కులాలు 56.33 శాతం, ఎస్సీలు 17.43 శాతం, ఎస్టీలు 10.45 శాతం అని ప్రభుత్వం 2025 ఫిబ్రవరిలో ప్రకటించింది. ఆ సర్వే కులం ఒక్కటే అడగలేదు. భూమి, వృత్తి, ఆదాయం కూడా అడిగింది. ఎరుపు కేటగిరీ పరిశ్రమల జాబితా, వాటి అనుమతులు మండలి దగ్గర ఉన్నాయి. ఈ రెండింటినీ గ్రామాల వారీగా కలిపి ప్రచురించమని అడగడానికి విశ్వవిద్యాలయాలకూ విద్యార్థి సంఘాలకూ హక్కుంది. రిజర్వేషన్ల శాతం దగ్గరే ఆగిపోయిన సర్వే చర్చను చెరువుల దాకా తీసుకుపోవలసిన బాధ్యత కూడా ఉంది.

పత్రం లేదన్న వాదన కూడా పూర్తిగా నిజం కాదు. చేప పిల్లలు ఉచితంగా పంచిన పథకం కోసం మత్స్యకార సహకార సంఘాల సభ్యుల జాబితాలు ప్రభుత్వమే తయారుచేసుకుంది. 2017లో గొర్రెల పంపిణీకి గొల్ల, కురుమల సంఘాల జాబితాలు రాసింది. 2021లో దోబీఘాట్లకు, లాండ్రీలకు నెలకు 250 యూనిట్ల ఉచిత కరెంటు కోసం రజకుల వివరాలు సేకరించింది. ఓటు కోసం పథకం ఇచ్చేటప్పుడు ప్రతి ఉత్పత్తి కులం పేరూ, సంఖ్యా, బ్యాంకు ఖాతా తెలుసు. అదే చెరువులో ప్రభుత్వం వదిలిన చేప పిల్లే విషంతో చచ్చినప్పుడు బాధితులెవరో గుర్తించలేకపోతున్నామని అదే ప్రభుత్వంలోని మరో శాఖ అంటుంది. మత్స్యశాఖ జాబితా కాలుష్య నియంత్రణ మండలి బల్ల మీదికి వెళ్లడానికి కొత్త చట్టం అక్కరలేదు. ఒక జీవో చాలు.

కొత్త అవకాశం ఒకటి ఇప్పుడే తెరుచుకుంది. కలుషిత ప్రదేశాల నిర్వహణ నియమాలను కేంద్రం 2025 జూలైలో ప్రకటించింది. కలుషితమైందన్న అనుమానం ఉన్న ప్రదేశాల జాబితాను స్థానిక సంస్థలు, జిల్లా యంత్రాంగం తయారుచేసి రాష్ట్ర మండలికి పంపాలి. మండలి పరీక్షించాలి, బాధ్యులను గుర్తించాలి, శుద్ధి ఖర్చు వారి నుంచి వసూలు చేయాలి. 2025 ఆగస్టులో జస్టిస్ పి.ఎస్. నరసింహ, జస్టిస్ మనోజ్ మిశ్రాల ధర్మాసనం, నష్టపరిహారం విధించే అధికారం కాలుష్య నియంత్రణ మండళ్లకు నీటి, వాయు చట్టాల కిందే ఉందని తేల్చింది. ఇకపై మాకు అధికారం లేదని మండలి అనలేదు. సిబ్బంది లేరని మాత్రం అనవచ్చు. దేశవ్యాప్తంగా మండళ్లలో మంజూరైన పోస్టుల్లో దాదాపు సగం ఖాళీగా ఉన్నాయని ట్రిబ్యునల్ ముందు తేలిన విషయమే. ఆ ఖాళీలు భర్తీ చేయమని అడగడం కూడా సామాజిక న్యాయపు డిమాండే. నమూనా సీసా పట్టే ఇంజనీరు ఏ ఊరి నుంచి, ఏ వాడ నుంచి వచ్చాడన్నది ఆ సీసా ఎప్పుడు, ఎక్కడ మునుగుతుందో కొంతవరకైనా నిర్ణయిస్తుంది.

నమూనా సేకరణలో గ్రామ పంచాయతీ ప్రతినిధితో పాటు మత్స్యకార సంఘం నుంచి ఒకరు, దళితవాడ లేదా తండా నుంచి ఒకరు సాక్షులుగా సంతకం చేయాలని మండలి తన అంతర్గత ఉత్తర్వుతోనే ఏర్పాటు చేయవచ్చు. 21వ సెక్షన్ నిర్వాహకుడి సమక్షాన్ని కోరుతుంది గాని గ్రామస్థుల సమక్షాన్ని ఎక్కడా నిషేధించలేదు. ఇక మిగిలింది అనుమానిత ప్రదేశాల జాబితా. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల కలెక్టర్లు పంపే జాబితాలో ఏ చెరువు ఉంది, ఏ క్వారీ గుంత ఉంది, ఏ తండా వాగు ఉంది అన్నది పంచాయతీ గోడ మీద అతికించాలి. లేని చెరువు పేరు రాయించడానికి రాబోయే గ్రామసభలకు ఆ యువకుడు తన సీసాతో వెళ్లాలి, వీలైతే మన విద్యార్థులు అతనితో పాటు వెళ్లాలి.